మిరపకాయలు తొక్కని విమానం

విమానం నడపటం నేర్చుకునే పిల్లలకి మామూలుగా దిగేటప్పుడు చెమటలు పడతాయి. లక్ష్మీదుర్గకు మాత్రం దిగాక పడతాయి. పైన మలుపులుండవు, బోర్డులుండవు, ఎటు చూసినా ఖాళీయే. కిందికొస్తేనే సందులూ గొందులూ. పసుపు గీతలు, తెల్ల గీతలు, వాటిలో ఏది దాటొచ్చో ఏది దాటకూడదో ఒక చిక్కు. దాటకూడని గీత దాటితే అటునుంచి వచ్చే విమానానికి పక్కకి తప్పుకునే వీలు కూడా ఉండదు. అందుకే దిరిసెనపాడు రన్‌వే మీద చక్రాలు మెత్తగా ఆనించి, వేగం తగ్గించి, ఇంకొకరైతే హమ్మయ్య అనుకునే చోట ఈ పిల్లకి దడ మొదలైంది.

ఆమె ఈ దిరిసెనపాడుకి రావటం ఇదే మొదలు. కనిగిరి వైపు మెట్టల్లో ఎప్పుడో కట్టి, తరవాత గాలికొదిలేసిన విమానాల మైదానం అది. నిరుడు రన్‌వే బాగుచేశారు, చిన్న టవర్ కట్టారు, చుట్టూ కంపలా పెరిగిన ముళ్ళ చిల్లచెట్లు మాత్రం సగం కొట్టి సగం వదిలేశారు. ఆ వదిలేసిన సగమే ఈ కథకంతా కారణమని టవర్లో వాళ్ళు తరవాత చెప్పుకున్నారు. అది పూర్తిగా నిజం కాదు.

చలికాలంలో ఒకసారి ఆమె ఇలాగే ఒంటరిగా ఇంకో ఊరి ఎయిర్‌పోర్టుకి వెళ్ళింది. దిగాక తప్పు మలుపు తిరిగింది. తప్పని తెలిశాక కూడా, ఎలాగోలా చుట్టి వచ్చేద్దాంలే అని చాలా దూరం పోయింది. ఆ పూట ఎవరికీ ఏమీ కాలేదు. కానీ నరసరావుపేట దారిలో వాళ్ళ ఫ్లయింగ్ స్కూల్‌కి పెద్ద దిక్కయిన కెప్టెన్ జాన్ బాషా, సంగతి తెలిసిన మర్నాడే ఆమె ఒంటరి ప్రయాణాలన్నీ ఆపేశాడు. తోటివాళ్ళు ఒక్కొక్కరే ఊళ్ళు చుట్టి వస్తుంటే ఈమె ఆయన పక్కన కూర్చుని, మిరప కోతలు మొదలయ్యేదాకా మొదటి పాఠాలే మళ్ళీ చదువుకుంది. చివరికి నిన్న పిలిచాడు.

"రేపు ఒక్కదానివే దిరిసెనపాడు పోయి రా. ఈసారి కూడా కింద తేడా వచ్చిందంటే ఇంక నా దగ్గరికి రావద్దమ్మా. ఇంకో పని చూసుకో."

ఆయన కేకలేసే రకం కాదు. అన్న మాట మీద నిలబడే రకం. అది ఇంకా కష్టం.

అందుకని నిన్న సాయంత్రం హాస్టల్ మేడ మీద ఆమె సుద్దముక్కతో దిరిసెనపాడు మైదానం మొత్తం గీసింది. ఇది రన్‌వే, ఇది రన్‌వే దిగాక విమానం నడిచే ఆల్ఫా దారి, ఇది దాన్నుంచి చీలే బ్రావో, ఇది విమానాలు నిలిపే చోటు. గీసి, దాని మీద నడిచింది. నోటితో ఇంజన్ చప్పుడు చేస్తూ, మలుపు వచ్చినప్పుడల్లా ఆగి, రెండు పక్కలా చూసి, మళ్ళీ నడిచింది. బట్టలు ఆరేయటానికి వచ్చిన రూమ్మేటు సాయిలక్ష్మి చూసి, "తొక్కుడుబిళ్ళ ఆడుకుంటున్నావా?" అని నవ్వింది. నవ్వితే నవ్వనీ అనుకుంది. నేల మీద ఎన్నిసార్లు నడిచినా ఒకటే భయం, అక్కడికి పోయాక గీసినదానికీ ఉన్నదానికీ తేడా ఉంటే ఏం చెయ్యాలి?

ఆ ప్రశ్నకు జవాబు ప్రతి పుస్తకంలోనూ ఉంది. ఆగాలి, అడగాలి. అంతే. ఆగటం ఆమెకు వచ్చు. అడగటమే రాదు. అది ఆ ఇంటి రక్తంలో లేదు. ఆమె తండ్రి శివనాగరాజు ప్రత్తిపాడు పక్కన మిరపా పత్తీ వేసే రైతు. మంచి మనిషి, కాకపోతే ప్రాణం పోయినా ఎవర్నీ దారి అడగడు. ఒకసారి పిడుగురాళ్ల అవతల చుట్టాల పెళ్ళికి అందర్నీ ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని బయల్దేరాడు. అవే సున్నపు బట్టీలు మళ్ళీ మళ్ళీ ఎదురొస్తుంటే పట్టుచీరంతా తెల్లబడిపోయిన భార్య, "ఒక్కసారి ఎవర్నన్నా అడగరాదా?" అంది. "అడిగితే మనకి దారి తెలీదని తెలిసిపోద్ది" అన్నాడు. వాళ్ళు చేరేసరికి పెళ్ళివారు పందిరి విప్పుతున్నారు. ఇంట్లో ఆ మాట చెప్పుకుని ఇప్పటికీ నవ్వుతారు. లక్ష్మీదుర్గ కూడా నవ్వుతుంది, కానీ ఆ రోజు ట్రాలీలో తండ్రి మెడ వెనక చెమట చూసింది తనే.

రన్‌వే వదలగానే రేడియోలో టవర్ పిలిచింది. ఆడమనిషి గొంతు, నిదానంగా ఉంది. రేడియోలో మాటలన్నీ ఇంగ్లీషులోనే నడుస్తాయి, మనం మన భాషలోనే చెప్పుకుందాం.

"కిలో లిమా, ఆల్ఫా మీద నేరుగా రండి. బ్రావో దగ్గర ఎడమకి తిరిగితే విమానాలు నిలిపే చోటు. వేరే రాకపోకలు ఏమీ లేవు."

కిలో లిమా అంటే లక్ష్మీదుర్గ నడుపుతున్న విమానం. చెప్పింది చెప్పినట్టు తిరిగి అప్పజెప్పింది. మనిషి వడివడిగా నడిచే వేగం కంటే పెరగకుండా, పాదాలతో ముక్కు చక్రాన్ని తిప్పుకుంటూ ఆల్ఫా మీద బయల్దేరింది. బ్రేకులు ఒకసారి తొక్కి చూసుకుంది. మేప్ మోకాలి మీద ఉంది. రెండు పక్కలా చిల్లచెట్లు గుబురుగా ఉండి టవర్ కనపడకుండా పోయింది. అంటే టవర్‌కి తనూ కనపడదు. దారి సుద్దముక్కతో గీసినట్టు తిన్నగా లేదు, కొడవలి లాగా వంపు తిరిగి ఉంది. అయినా బ్రావో బోర్డు వచ్చింది. అమ్మయ్య అనుకుని ఎడమకి చూసింది.

బ్రావో ఎర్రగా ఉంది.

దారి ఈ అంచు నుంచి ఆ అంచుదాకా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఈ మధ్య అకాల వానకి కల్లాలన్నీ తడిసి బురదయ్యాయి. కాయ బూజు పట్టకుండా ఆరాలంటే గట్టి నేల కావాలి, ఎండ కావాలి. ఆ ఊరివాళ్ళకి ఈ సిమెంటు దారులు ఎన్నో ఏళ్ళుగా కల్లాలే. విమానాలు వచ్చింది నిన్నగాక మొన్న, కాయలు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఎవరో పెద్దావిడ అవతలి చివర వంగి కాయ తిరగేస్తోంది.

కల్లంలో కాయ తిరగేసేవాళ్ళు చెప్పులు గట్టు మీద విడిచి, పాదాలు ఎత్తకుండా ఈడుస్తూ నడుస్తారు. కాయ నలిగితే గింజ రాలుతుంది, రంగు పోతుంది, ధర పలకని తాలులో కలుస్తుంది. లక్ష్మీదుర్గ చిన్నప్పుడు సైకిలుతో కల్లం అంచు మీదుగా పోయినందుకు నాయనమ్మ చేతిలో తిన్న దెబ్బ చెంపకి ఇప్పటికీ గుర్తుంది. కాయ మీద చక్రం ఎక్కించటమనేది ఆమె పుట్టిన ఇంట్లో ఆలోచనకి కూడా రాదు. పళ్ళెంలో అన్నం మీద కాలు పెట్టమన్నట్టే ఉంటుంది.

కాబట్టి ఆమె తొక్కలేదు. అది సరే. ఆగనూ లేదు. కల్లం ఎదురైతే మనవాళ్ళు ఏం చేస్తారో అదే చేసింది, చుట్టి పోదామనుకుంది. బ్రావో దాటి ముందుకి పోయి, తరవాత వచ్చిన మలుపు తిరిగింది. అది ఎటో తిరిగి వెనకనుంచి అక్కడికే చేరుతుందిలే అని మనసులో ఒక మాట అనుకుంది. ఆ మలుపు తిరగమని ఎవరూ చెప్పలేదు. తిరుగుతున్నట్టు ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా ఉన్న దిక్సూచి ఒక్కసారి చూసినా చాలు, ముక్కు మళ్ళీ రన్‌వే వైపే పోతోందని తెలిసేది. కానీ కళ్ళు ఇంకా ఆ ఎర్రటి కాయల మీదే ఉన్నాయి, ప్రొపెల్లర్ గాలికి ఒక్క కాయన్నా ఎగిరిందా అని వెనక్కి తిరిగి చూస్తోంది.

దారి వంపు తిరిగింది. ఇంకా తిరిగింది. సిమెంటు మీద దుమ్ము, ఆ దుమ్ములో ఎండుటాకులు, పగుళ్ళలోంచి గడ్డి. మేప్‌లో ఈ దారి ఉందో లేదో వెతకటం మొదలుపెట్టింది. అప్పుడు రేడియోలో ఇంకో గొంతు వినపడింది.

"దిరిసెనపాడు టవర్, దిగటానికి వస్తున్నాను."

జాన్ బాషా గొంతు.

ఆయన వస్తానని చెప్పలేదు. శిష్యురాలు ఎలా చేస్తుందో చూద్దామని ఇంకో విమానం తీసుకుని వెనకాలే బయల్దేరి ఉంటాడు. ఆయన రేడియో కూడా ఇదే. ఇప్పుడు తను నోరు విప్పితే టవర్ ఒక్కటే వినదు, ఆయన కూడా వింటాడు. ఈసారి కూడా తేడా వచ్చిందంటే, అన్న మాట చెవిలో మళ్ళీ వినపడింది.

"రన్‌వే ఖాళీగా ఉంది, దిగండి" అంది టవర్.

మాట్లాడకుండా ఇంకొంచెం ముందుకి పోతే? ఈ వంపు అవతల ఆ విమానాలు నిలిపే చోటు ఉంటే? నవ్వుతూ దిగి, నమస్తే సార్ అని నిలబడొచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. ఆమె పాదాలు బ్రేకుల మీద నుంచి లేచాయి. విమానం మెల్లగా కదులుతూనే ఉంది. ముందు చెట్లు పలచబడి వెలుతురు కనపడుతోంది. ఆ వెలుతురు ఏ వైపుదో ఆమెకు తెలియదు. తెలియదనే సంగతి మాత్రం తెలుసు. ఎందుకో పిడుగురాళ్ల దారిలో ట్రాలీ, తండ్రి మెడ వెనక చెమట కళ్ళ ముందుకొచ్చాయి. ఆ రోజు పోయింది ఒక పెళ్ళి భోజనం. ఇవాళ అలా కాదు.

రెండు కాళ్ళతో బ్రేకులు తొక్కింది. విమానం ముక్కు ఒంగి లేచి ఆగిపోయింది.

"టవర్, కిలో లిమా." రేడియో మీట వదలకుండానే చెప్పింది. "నేను బ్రావో తిరగలేదు. ఎక్కడున్నానో నాకు తెలియదు."

అవతల గొంతు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "కిలో లిమా, కదలొద్దు. దిగుతున్న విమానం, దిగొద్దు, పైకి లేవండి."

"లేస్తున్నా" అన్నాడు జాన్ బాషా, టీ తాగుతున్నవాడిలాగా.

చెట్ల మీద నుంచి ఇంజన్ హోరు వచ్చింది. కళ్ళెదురుగానే, ఆ వెలుతురు ఉన్న చోటే, తెల్లటి విమానం ఒకటి చక్రాలు నేలకి ఆనబోతూ ఆనకుండా, కుడి నుంచి ఎడమకి దూసుకుపోయి పైకి లేచింది. అది రన్‌వే. ఆమె ఎటు పోతున్నానో తెలియక పోతున్నది రన్‌వే మీదికే. మెడ సాచి విమానం ముక్కు ముందు నేల చూసింది. దుమ్ము కింద పసుపు గీతలున్నాయి. రెండు నిండు గీతలు, వాటి అవతల రెండు తెగిన గీతలు. ఇంతకు మించి ముందుకి రావద్దని చెప్పే గీతలు. ముక్కు చక్రం వాటిని దాదాపు ముట్టుకుంటోంది.

ఏడుపు రాలేదు. కాళ్ళు బ్రేకుల మీద నుంచి తీయాలంటే భయం వేసింది.

అప్పటినుంచి టవర్లో ఆ మనిషి, ఆవిడ పేరు మెహర్ అని తరవాత తెలిసింది, చిన్నపిల్లని వేలు పట్టుకుని నడిపించినట్టు నడిపించింది. వెనక్కి తిరగండి. ఎడమ పక్కకి. అక్కడ ఆగండి. ఏం కనపడుతోంది చెప్పండి. మిరపకాయలు కనపడుతున్నాయి అని లక్ష్మీదుర్గ చెప్పినప్పుడు మాత్రం ఆ గొంతు నిదానం తప్పింది.

"ఏంటవి?"

"మిరపకాయలండి. బ్రావో నిండా ఆరబోశారు."

"అక్కడే ఆగండి" అని, ఆవిడ పక్కకి తిరిగి ఎవరిమీదో గొంతు పెంచటం సగం వినపడింది.

బ్రావో మొదట్లో విమానం ఆపగానే, కాయలు తిరగేస్తున్న పెద్దావిడ ఇటు నడిచి రావటం మొదలుపెట్టింది. మనుషులు దగ్గరికొస్తే ప్రొపెల్లర్ తిరగకూడదు. లక్ష్మీదుర్గ ఇంజన్ ఆపి, తలుపు తీసుకుని దిగింది. మిరప ఘాటు ముక్కుకి తగిలి తుమ్మొచ్చింది. ఇంటి వాసన.

"ఏమ్మా, నువ్వా ఇది తోలేది?" అంది పెద్దావిడ. పేరు సుబ్బరావమ్మ. చీర కొంగు తలకి చుట్టుకుంది, చెప్పులు దారి అంచున విడిచి ఉన్నాయి. "యాడ తొక్కుద్దో అని గుండె జారిపోయిందనుకో. పక్కకి తిప్పుకుని పోయావు. ఎవరి పిల్లవమ్మా నువ్వు?"

"ప్రత్తిపాడు దగ్గర మామ్మా. మాదీ మిరపే."

"అదీ, అనుకున్నా. కాయ విలువ తెలిసినోళ్ళ పిల్ల గాబట్టి తొక్కలా. నీ కడుపు చల్లగుండ."

లక్ష్మీదుర్గ తల వంచుకుంది. ఆ దీవెన పట్టుకోవటానికి చేతులు రాలేదు.

ఈలోగా చుట్టు తిరిగి వచ్చిన జాన్ బాషా దిగి, ఆల్ఫా మీదుగా వచ్చి ఎదురుగా విమానం ఆపాడు. ఇరుకు కట్ట మీద రెండు లారీలు ఎదురుపడ్డట్టు నిలబడ్డాయి రెండు విమానాలు. ఆయన దిగి, చేతులు వెనక్కి కట్టుకుని, కాయలు చూశాడు, చెట్లు చూశాడు, లక్ష్మీదుర్గని చూశాడు.

"ఏందయ్యా, ఈ పిల్ల మీ మనిషేనా?" అంది సుబ్బరావమ్మ. "బంగారం లాంటి పిల్ల. వేరేవోళ్ళయితే తొక్కుకుంటా పోయేవోళ్ళు. ఈ పిల్లకేదన్నా ఇవ్వాలయ్యా మీరు."

ఆయన పక్కకి తిరిగి చూశాడు. జవాబు తనదేనని లక్ష్మీదుర్గకు అర్థమైంది.

"లేదు మామ్మా. నేను చేసింది మంచి పని కాదు" అంది. "నీ కాయలు తొక్కలేక పక్కకి తిరిగా. తిరిగినదాన్ని ఎవరికీ చెప్పలా. దారి తప్పి ఈ సార్ విమానం దిగేచోటికి పోబోయా. ఇంకాస్త పోయుంటే ఇద్దరం ఉండేవాళ్ళం కాదు."

సుబ్బరావమ్మ వెనక్కి తిరిగింది. కాసేపు కాయలవైపు చూసింది. అవి ఆవిడకి ఒక్కసారిగా పరాయివైపోయినట్టున్నాయి.

"నా కాయల కోసమా?" అంది చివరికి. "ఎంత పని చేశావమ్మా. ఆడ నిలబడి ఒక్క కేకేస్తే నేనే ఎత్తేదాన్ని గదా."

జాన్ బాషా అప్పుడు మాట్లాడాడు. "చలికాలంలో నిన్నెందుకు ఆపానో తెలుసా?"

"తప్పు మలుపు తిరిగా కదా సార్."

"తప్పు ఎవరైనా తిరుగుతారు. నేను బోలెడుసార్లు తిరిగా. తప్పని తెలిశాక కూడా నోరు విప్పలేదు చూడు, అందుకు ఆపా." ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. "ఇవాళ నేను వింటున్నానని తెలిసి కూడా విప్పావు. కాకపోతే నా ప్రాణం మీదికొచ్చేదాకా ఆగి విప్పావు."

అది మెప్పో తిట్టో ఆమెకు తెలియలేదు. ఆయన చొక్కా చేతులు మడిచి, బూట్లు విప్పి అంచున పెట్టి, కాయలు కుప్ప చేయటానికి వంగాడు. ఆమె కూడా బూట్లు విప్పింది. టవర్ నుంచి జీపులో ఇద్దరు మనుషులొచ్చారు. అందరూ కలిసి టార్పాలిన్ పట్టాల మీదికి లాగి, గోతాల్లోకి ఎత్తి, దారి ఖాళీ చేశారు. సుబ్బరావమ్మ రాలిన గింజల్ని కూడా చీపురుతో ఊడ్చి ఒళ్ళో పోసుకుంది. మధ్యలో జీపు తోలేవాళ్ళతో, ఇంకో చోటు చూపిస్తే గానీ కదలనని పోట్లాడి, టవర్ వెనక గచ్చు సంపాదించింది.

పని అయ్యేసరికి లక్ష్మీదుర్గ చేతులు మణికట్టు దాకా భగభగ మండుతున్నాయి. మనసు అంతకన్నా మండుతోంది. ఇంక స్కూల్‌కి రమ్మన్నట్టా, రావద్దన్నట్టా? తన విమానం ఇక్కడే వదిలి ఆయన పక్కన కూర్చుని పోవాలా? అడుగుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళింది. ఆయన బూట్ల తాళ్ళు కట్టుకుంటూ తల ఎత్తలేదు. లేచి, ప్యాంటు దులుపుకుని, తన విమానం వైపు నడిచాడు. తలుపు దగ్గర ఆగాడు.

"నేను ముందు పోతున్నా" అన్నాడు. "వెనకాల రా."

అంతే. పక్క సీటు ఖాళీగా పెట్టుకుని ఆయన వెళ్ళిపోయాడు. ఆ విమానం చుక్కయ్యేదాకా చూసి ఆమె తన సీట్లో కూర్చుంది. బెల్టు బిగించుకుంది. మండే వేళ్ళతో స్విచ్చులు వేసి ఇంజన్ అందుకోగానే రేడియో నొక్కింది, బయల్దేరతానని చెప్పింది.

"కిలో లిమా, రన్‌వేకి దారి తెలుసు కదా?" అంది మెహర్, సగం నవ్వుతూ.

సుద్దముక్కతో గీసిన దారే. ఇందాక మోకాళ్ళ మీద పాకుతూ కాయలేరిన దారే. ఏ మలుపు ఎటు పోతుందో ఇప్పుడు కళ్ళు మూసుకుని చెప్పగలదు, కనీసం అలా అనిపిస్తోంది. శివనాగరాజు కూతురి నోట్లోకి తెలుసునన్న మాట వచ్చి కూర్చుంది.

"తెలియదండి" అంది లక్ష్మీదుర్గ. "చెప్పండి."